దుప్పటికి అవతలి కొస

దుప్పటి మడతపెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో దుప్పటైతే మంచం మీద పరిచి ఎవరో ఒకరు ఎలాగోలా చుట్టేస్తారు, తీరా చూస్తే పిల్లి పడుకుని లేచినట్టుంటుంది. దాన్ని మడత అనుకుంటే వాళ్ళిష్టం. ఆసుపత్రులకీ హోటళ్ళకీ వెళ్ళే దుప్పట్లకి మాత్రం ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలూ పట్టుకోవాలి. ఒక్కసారి విదిలించి, బిగలాగి, ముడత పోగొట్టాలి. నిలువుగా ఒక మడత, దాని మీద ఇంకో మడత. అప్పుడు ఒక మనిషి కదలకుండా నిలబడాలి, రెండో మనిషి తన కొస పట్టుకుని నడిచి రావాలి. వచ్చి, తన కొసని నిలబడ్డ మనిషి చేతిలో పెట్టేసి, వంగి కిందకి వేలాడే మడతని అందుకోవాలి. ఇవ్వడం, అందుకోవడం. పని ఇంతే. కానీ ఇచ్చే మనిషికి అందుకునే చెయ్యి అక్కడ ఉంటుందన్న ధీమా ఉండాలి. ప్రతిసారీ కళ్ళతో చూసుకుని ఇస్తుంటే పొద్దుగూకినా కుప్ప తరగదు.

ఆ లాండ్రీలో నడిచే మనిషి మడతల పెద్దమ్మ. నిలబడే మనిషి సన్నక్క.

లాండ్రీ అంటే పొడుగాటి రేకుల షెడ్డు. ఆ చివర ఉతికే యంత్రాలు, మధ్యలో ఆవిరి కక్కే రోలరు, ఈ చివర కిటికీల పక్కన మడతల బల్ల. ఎండాకాలంలో లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వానాకాలంలో కూడా అలాగే ఉంటుంది. పెద్దమ్మ పెళ్ళయిన కొత్తలో అక్కడ చేరింది. ఉతికేవాళ్ళు మారారు, యంత్రాలు మారాయి, యజమాని పోయి యజమాని కొడుకు వచ్చాడు. మడతల బల్ల దగ్గర పెద్దమ్మ మాత్రం అలాగే ఉంది, బల్లకి అయిదో కాలు లాగ.

చదువంటారా, సంతకం పెట్టేపాటి అక్షరాలు వచ్చు. నోరంటారా, దానికి ఏ బడీ అవసరం లేకపోయింది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఒకరోజు చేతి గడియారం చూసుకుంటూ, "కొంచెం త్వరగా కానివ్వండి పెద్దమ్మా" అన్నాడు.

"నువ్వు పుట్టింది ఏ ఆసుపత్రిలో బాబూ?" అంది పెద్దమ్మ.

ఆయన అమాయకంగా చెప్పాడు.

"అయితే నిన్ను మొట్టమొదట చుట్టిన గుడ్డ మడిచింది నేనే. అప్పుడు త్వరపడి ఉంటే ముడత గుచ్చుకుని ఈపాటికి వంకరగా నడుస్తుండేవాడివి."

మళ్ళీ ఆయన ఆ బల్ల దగ్గర గడియారం చూస్తే ఒట్టు.

సన్నక్క దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. నోట్లో నాలుక ఉందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. గాలి వీస్తే దుప్పటితో పాటు తనూ ఎగిరిపోయేంత సన్నం, అందుకే ఆ పేరు. పెద్దమ్మని వదినా అని పిలిచేది. ఏ వరసన వదిన అయిందో ఇద్దరికీ తెలీదు, అడిగిన పాపాన పోలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా పెద్దమ్మ మాట్లాడేది, సన్నక్క "ఊఁ" అనేది. ఆ ఊఁలో ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం, నవ్వడం, ఇక చాల్లే వదినా అనడం, అన్నీ ఉండేవి. పెద్దమ్మకి ఏది ఏదో తెలిసేది. మొగుడితో ఇన్నేళ్ళు కాపురం చేసి ఇంత అర్థం చేసుకోలేదని ఆవిడే అనేది.

పెద్దమ్మ కుడి అరచేతికి ఒక మచ్చ ఉంది. చెయ్యి మీద గోధుమరంగు కాగితం అంటించినట్టుంటుంది. ఆవిడ కథ చెప్పాలంటే ఆ మచ్చ కథ చెప్పాల్సిందే.

ఒకసారి రోలరులో దుప్పటి ఇరుక్కుంది. మిషను ఆపి తియ్యాలని అందరికీ చెప్పేది ఆవిడే. అందరికీ చెప్పేవాళ్ళకి తాము చెయ్యక్కర్లేదన్న నమ్మకం ఒకటి ఉంటుంది కదా. చెయ్యి పెట్టింది. అరచేయి, వేళ్ళు కాలిపోయాయి. ఆసుపత్రిలో కట్టు కట్టి, గాయం మానాక వేళ్ళు ముడుచుకుపోవచ్చు అన్నారు. ముడుచుకుపోయిన వేళ్ళతో దుప్పటి మూల ఏం పట్టుకుంటారు? ఆ మాట విన్నాక పెద్దమ్మ మూడు పూటలు ఎవర్నీ తిట్టలేదు. ఇంట్లోవాళ్ళు భయపడిపోయారు.

అప్పుడు వచ్చాడు మందులాయన. వాళ్ళ వీధి మొదట్లో మందుల షాపు ఆయనది. ఎవరూ పిలవలేదు. సంగతి చెవిన పడి వచ్చాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే షాపు తలుపు తియ్యకముందే పెద్దమ్మ ఇంటికొచ్చి కట్టు విప్పి, కడిగి, మందు రాసి, మళ్ళీ కట్టు కట్టేవాడు. గాయం ఆరాక వేళ్ళు చాపించడం మొదలుపెట్టాడు. అది కాలినప్పటి కంటే నొప్పి.

"నా వల్ల కాదు బాబూ" అంది పెద్దమ్మ.

"తిట్టు పెద్దమ్మా. నన్ను తిడుతూ వేళ్ళు చాపు. నీ నోటికి ఎలాగూ మందు లేదు, చేతికైనా పనికిరానీ."

ఆవిడ తిట్టింది. ఆయన్ని, ఆయన తాతల్ని, షాపులో సీసాల్ని, దేన్నీ వదల్లేదు. ఒక్కో తిట్టుకి ఒక్కో వేలు చాపుకుంది. ఆయన పక్కన కూర్చుని, "ఇది పాత తిట్టు, నిన్న తిట్టావు, కొత్తది కానివ్వు" అనేవాడు. అలా ఆ చెయ్యి చెయ్యయింది.

ఇక్కడ ఇలా ఉంటే, లాండ్రీలో యజమాని కొడుకు బల్ల దగ్గరకి వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. ఆయన తప్పు లేదు, దుప్పట్లు ఆగవు కదా. అప్పుడు సన్నక్క నోరు విప్పింది. "వదిన వచ్చేదాకా నేనొక్కదాన్నే చేస్తా" అంది. అందరూ నవ్వారు. సన్నక్క ఒక గుడ్డ పేలిక తెచ్చి దుప్పటి అవతలి కొసని కిటికీ చువ్వకి కట్టింది. తనే విదిలించి, తనే బిగలాగి, తనే నడిచి, తనే విప్పి, తనే అందుకుని. ఇద్దరి పని ఒక్క మనిషి, అదీ ఆ పుల్లలాంటి మనిషి. రోజూ ఆలస్యంగా ఇంటికెళ్ళేది. కుప్ప మాత్రం తరిగేది. యజమాని కొడుకు వచ్చి చూసి, వేరే మనిషి మాట మానేసి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ తిరిగి పనిలోకి వచ్చిన రోజున ఆ కిటికీకేసి చూసింది. మిగతా చువ్వలన్నీ తుప్పుతో ఉన్నాయి. ఆ ఒక్క చువ్వ గుడ్డ రాపిడికి నున్నగా మెరుస్తోంది.

"ఎందుకే ఇంత?" అంది పెద్దమ్మ.

"ఊఁ" అంది సన్నక్క.

చెయ్యి నిలబెట్టింది ఒకరు, ఆ చేతికి పని నిలబెట్టింది ఒకరు. పెద్దమ్మ ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. తిట్లు పైకి, మంచిమాటలు లోపలికి, అది ఆవిడ పద్ధతి.

ఆ మందులాయన్నే ఒక మధ్యాహ్నం, వీధిలో జనం పలచబడ్డ వేళ, షాపులోనే ఎవరో పొడిచి చంపేశారు. మందుల అరల మధ్య పడి ఉన్నాడు. సాయంత్రానికల్లా పోలీసులు సన్నక్క కొడుకుని పట్టుకెళ్ళారు. వాడు మందుల షాపుకి ఎదురుగా టైర్ల పంక్చర్లు వేసే చోట పని చేసేవాడు. పరిగెత్తుతుంటే చూశామన్నవాళ్ళు కొందరు, చూసినవాళ్ళు చెప్తే విన్నామన్నవాళ్ళు చాలామంది. పసివాడుగా ఉన్నప్పుడు వాడు లాండ్రీలో దుప్పట్ల గంపలో నిద్రపోయేవాడు. పెద్దమ్మే నిద్రపుచ్చేది. చేసిన తప్పు దాచబోతే చెవులు ఎర్రబడేవి వాడికి. గంపలో తడి చేశాడా లేదా అని గుడ్డ చూడక్కర్లేదు, చెవులు చూస్తే చాలనేది పెద్దమ్మ.

ఇప్పుడు ఆ ముద్దంతా పోయింది. మందులాయన్ని శ్మశానానికి తీసుకెళ్ళిన రోజున పెద్దమ్మ కాలిన చేతిని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "వాణ్ణి ఒక్కసారి నాకప్పగించండి, చాలు" అంది, వీధి వీధంతా వినేలా. సన్నక్క పనిలోకి రావడం మానేసింది. పెద్దమ్మ ఆవిడ కోసం వెళ్ళలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న రేడియో వార్త తెచ్చింది. రేడియో అంటే రోలరు దగ్గర పనిచేసే ఆవిడ, తెరిస్తే కట్టెయ్యడం ఎవరికీ చేతకాదు. సన్నక్క రావడం మానేశాక పెద్దమ్మకి జోడుగా ఆవిణ్ణే వేశారు. చేతిలో మిఠాయి డబ్బా పెట్టుకుని వచ్చింది.

"కాల్చేశారు పెద్దమ్మా. తెల్లారకముందే. ఎలా చంపాడో చూపించమని బండిలో తీసుకెళ్తుంటే పారిపోబోయాడంట, కాల్చేశారంట. పీడ విరగడైంది. తీసుకో, నోరు తీపి చేసుకో."

షెడ్డులో అందరూ మూగారు. పంక్చర్ల షాపు యజమానే డబ్బాలు పంచుతున్నాడని ఒకరు, పోలీసుల్ని బస్తీవాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారని ఒకరు. పెద్దమ్మ కడుపు చల్లబడిన మాట నిజం. ఆవిడ దాన్ని దాచలేదు. "నా మందులాయన ఉసురు తగిలింది" అని ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. బాగానే ఉంది. తిని, చెయ్యి తుడుచుకుని, పనిలోకి దిగింది.

విదిలించారు, లాగారు, మడిచారు. పెద్దమ్మ తన కొస పట్టుకుని నడిచింది. ఇన్నేళ్ళ అలవాటు, కళ్ళెత్తలేదు. నడిచి వెళ్ళి, ఎప్పట్లాగే మూలలు వదిలేసి కింద మడత కోసం వంగింది.

దుప్పటి నేలమీద పడింది.

రేడియో తన కొసని ఒక చేత్తో చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో మిఠాయి డబ్బాలో వెతుక్కుంటోంది.

"అయ్యో, చెప్పి వదలొచ్చు కదా పెద్దమ్మా."

పెద్దమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. నేల మీద పడ్డ దుప్పటి మళ్ళీ ఉతకాల్సిందే. తిట్టడానికి అంతకంటే మంచి సందర్భం లేదు, అందరూ ఎదురుచూశారు. ఆవిడ మాత్రం ఆ గుడ్డకేసి చూస్తోంది. చెప్పి వదలాలట. ఎన్ని దుప్పట్లు వదిలింది తను, ఎప్పుడు చెప్పింది? ఎన్నడైనా ఒక్కటి కింద పడిందా? ఆ చేతులు ఇప్పుడు ఎక్కడున్నాయో, ఏం చేస్తున్నాయో. నోట్లో తీపి ఇంకా ఉంది. వెళ్ళి కుళాయి దగ్గర పుక్కిలించి ఉమ్మేసింది.

మధ్యాహ్నం సూపర్‌వైజరు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, సన్నక్క కబురు పంపింది, పనిలోకి రావచ్చా అని. ఇక్కడందరూ వద్దంటున్నారు. ఆవిడ ఎదురుగా ఉంటే మా చేతులాడవంటున్నారు. నాకేమో ఇద్దరు లేనిదే బల్ల నడవదు. నీ జోడు కాబట్టి నువ్వు పట్టుకుంటానంటే రమ్మంటాను. లేదంటే వేరే మనిషిని తీసుకుంటాను. ఎల్లుండి లోపల చెప్పు."

"నన్నెందుకు అడుగుతావు? సూపర్‌వైజరువి నువ్వు కదా."

"నువ్వు కాదంటే ఇంకెవరూ పట్టుకోరు. నువ్వు ఔనంటే నిన్ను ఎదిరించే ధైర్యం ఎవరికీ లేదు" అన్నాడు. అబద్ధం కాదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పెద్దమ్మ కొడుకు, బస్సు కండక్టరు, హుషారుగా ఉన్నాడు. బస్సులో అందరూ ఇదే మాట్లాడుకున్నారట.

"కోర్టులు, వాయిదాలు, మనం ముసలాళ్ళమయ్యేదాకా సాగేది. ఒక్క దెబ్బతో తేల్చేశారు" అన్నాడు.

"నీ బస్సులో ఒకడు టిక్కెట్టు లేకుండా ఉన్నాడనుకో. ఏం చేస్తావు?" అంది పెద్దమ్మ.

"దించేస్తా."

"అడక్కుండానే?"

"ఎందుకు అడగను. టిక్కెట్టేదీ అని అడుగుతా. జేబులన్నీ వెతుక్కోనిస్తా. ఆ తర్వాతే దించుతా."

"టిక్కెట్టుకి ఉన్నపాటి అడగడం ప్రాణానికి లేకపోయిందిరా."

కొడుకు ముద్ద కలపడం ఆపాడు. "మరి వాడు మందులాయన్ని అడిగి పొడిచాడా అమ్మా?"

పెద్దమ్మ వాడి కంచంలో ఇంకాస్త కూర వేసింది. కోడలు మెల్లిగా అంది, "అత్తయ్యా, మీరేమన్నా అనుకోండి. ఆ షాపు ముందు నుంచి ఒంటరిగా రావాలంటే ఇన్నాళ్ళూ నాకు కాళ్ళు వణికేవి. ఇవాళ వణకలేదు."

"అది కూడా నిజమేనే" అంది పెద్దమ్మ. ఇద్దరు పిల్లలూ వాళ్ళకి తెలిసిన నిజం వాళ్ళు చెప్పారు. తన నిజం ఏమిటో తనకే తేలలేదు. సన్నక్క కొస పట్టుకుంటే, తన వేళ్ళు చాపించిన మనిషికి ద్రోహం చేసినట్టా? పట్టుకోకపోతే, తన చోటు కాపాడిన మనిషికి ద్రోహం చేసినట్టా? ఒకే చెయ్యి, దానికి ఇద్దరు హక్కుదారులు.

మర్నాడు పెద్దమ్మ మందుల షాపుకి వెళ్ళింది. తలుపు సగం ఎత్తి ఉంది. లోపల మందులాయన భార్య స్టూలు మీద కూర్చుని సీసాలు తుడుస్తోంది. తుడిచినవాటినే మళ్ళీ తుడుస్తోంది. పెద్దమ్మ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకముందే బయట మనుషుల సందడి. వీధి పెద్ద, కూడా ఇంకొందరు, వాళ్ళ మధ్యలో ఒక పోలీసు ఆఫీసరు. వీధి పెద్ద చేతిలో పూలగుత్తి.

"అమ్మా, సార్ మిమ్మల్ని పలకరించడానికి వచ్చారు. మీ చేతుల మీదుగా ఈ పూలు సార్‌కి ఇస్తే, ఒక ఫోటో తీసుకుంటాం. వీధంతా సంతోషంగా ఉంది" అన్నాడు వీధి పెద్ద, పూలు ఆవిడ ఒళ్ళో పెడుతూ.

ఆవిడ పూలకేసి చూడలేదు. ఆఫీసరు మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు, మందు ఎలా వాడాలో చెప్పినంత నెమ్మదిగా అడిగింది.

"ఆయన్ని తనే చంపానని ఒప్పుకున్నాడా?"

"సాక్ష్యాలున్నాయమ్మా."

"ఎందుకు చంపాడో చెప్పాడా?"

"అంతలోనే పారిపోబోయాడు."

"నేను వాణ్ణి ఒక్క మాట అడగాలనుకున్నాను సార్. ఎప్పటికో అప్పటికి కోర్టులో నిలబెడతారు కదా, అక్కడ అడుగుదామనుకున్నాను. ఆయన ఆఖర్న ఏమన్నాడని. నీళ్ళడిగాడా, నన్ను పిలిచాడా, ఏమీ అనలేదా. చంపింది వాడే అయితే, ఆ మధ్యాహ్నం ఈ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకాయన ఆ రోజే పోయాడు. రెండోవాణ్ణి మీరు పంపేశారు. చంపింది వాడు కాకపోతే, అసలువాడు ఇప్పుడు హాయిగా ఉన్నాడు. ఇంక నేనెవర్ని అడగను?"

ఆఫీసరు టోపీ చేతిలోకి తీసుకున్నాడు. మనిషి కూడా పెద్దగా నిద్రపోయినట్టు లేడు. "మీకోసమేనమ్మా, మేం ఏం చేసినా" అన్నాడు.

"నాకోసం అనకండి. మీకు తోచింది మీరు చేశారు. దానికి నా పేరు పెట్టకండి."

వీధి పెద్ద ఏదో సర్దిచెప్పబోయాడు. పెద్దమ్మ లేచి నిలబడింది. "పూలు తీసుకెళ్ళు నాయనా. ఇక్కడ మందులు అమ్ముతారు, పూలు కాదు." ఆయన తీసుకెళ్ళాడు. ఆఫీసరు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు.

వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ నోరు విప్పింది. ఆవిడకి మాటలు వెతుక్కోవడం అలవాటు లేదు. "అమ్మాయ్, వాడి తల్లి నా జోడు. మళ్ళీ పనిలోకి వస్తానంటోంది. నేను ఆవిడ కొస పట్టుకుంటే నీకు…"

"ఆవిడ మొహం నేను చూడలేను పెద్దమ్మా. ఇప్పట్లో చూడలేను. ఎప్పటికైనా చూడగలనో లేదో తెలీదు." మందులాయన భార్య చేతిలో సీసా పక్కన పెట్టింది. "కానీ ఇందాక ఆయనతో అన్నదే నీతోనూ అంటున్నా. నాకోసం అని ఆవిడ కూడు తీయకు. పట్టుకోవాలనుంటే పట్టుకో, వద్దనుకుంటే మానెయ్యి. నా పేరు మాత్రం మధ్యలో పెట్టకు." సీసా మళ్ళీ అందుకుంటూ, "నీ చెయ్యి ఎలా ఉంది?" అంది. "ఆయన ఇంటికొచ్చి నీ తిట్లన్నీ నాకు అప్పజెప్పేవాడు. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం."

పెద్దమ్మ అరచేయి చాపి చూపించింది. ఏళ్ళ తర్వాత ఆవిడ మొదటిసారి పైకి అన్న మంచిమాట ఇదే: "నీ మొగుడు ఇచ్చిన చెయ్యే అమ్మా ఇది. రోజూ తలుచుకుంటా."

అక్కణ్ణించి నేరుగా సన్నక్క ఇంటికి వెళ్ళింది. ఒకే గది, ముందు చిన్న వరండా. ఇరుగుపొరుగు తలుపులు పెద్దమ్మని చూసి మూసుకున్నాయి. వరండాలో దండెం మీద ఒక మగవాడి చొక్కా ఉతికి ఆరేసి ఉంది. నల్లటి గ్రీజు మరకలు పోలేదు. సన్నక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇంకా సన్నబడడానికి చోటెక్కడుందో, సన్నబడింది.

"వదినా" అంది. ఆ తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, పెద్దమ్మ ఊరుకుంది, సన్నక్క మాట్లాడింది.

"వాడు చేశాడో లేదో నాకు తెలీదు వదినా. అందరూ నన్నే అడుగుతారు. నాకెలా తెలుస్తుంది? ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి అడుగుదామనుకున్నా. నాకు అబద్ధం చెప్పలేడు, చెవులు ఎర్రబడతాయి, నీకు తెలుసుగా. చేశానని ఉంటే, నేనే జైలుకి అన్నం మోసుకెళ్తూ తిట్టేదాన్ని. చెయ్యలేదని ఉంటే, ఊరందరి కాళ్ళూ పట్టుకునేదాన్ని. శవాన్ని చూడమని పిలిచారు. అందరూ మొహం చూస్తారు కదా, నేను చెవులు చూశా. తెల్లగా ఉన్నాయి. చచ్చినవాడి చెవులు ఏం చెప్తాయి వదినా? ఇప్పుడు ఏమని ఏడవాలో తెలీట్లేదు. హంతకుడి కోసం ఏడవకూడదు, నా పిల్లాడి కోసం ఏడవాలి. ఇద్దరూ ఒకడేనో కాదో ఎవరు చెప్తారు?"

ఇందాక షాపులో విన్న ప్రశ్నే. ఆ తలుపు సగం ఎత్తిన షాపులోనూ, ఈ వరండాలోనూ, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే నోటి నుంచి జవాబు రావాలని కూర్చున్నారు. ఆ నోరు మూసేసి ఊరు మిఠాయి తింది. తనూ తింది. పెద్దమ్మ ఆవిడ పక్కన కూర్చుంది.

"రేపటిలోగా చెప్పమన్నాడు సూపర్‌వైజరు. చెప్పడం ఎందుకు, రేపు నువ్వే వచ్చెయ్."

"ఎవరు పట్టుకుంటారు నా కొస?"

"నేను చచ్చానా?"

"అందరూ నిన్ను కూడా అంటారు వదినా."

"అననీ. నన్ను అనడానికి వాళ్ళకి ఇంకో జన్మ కావాలి."

సన్నక్క "ఊఁ" అంది. ఏడుస్తూ అన్న ఊఁ అది, కానీ ఊఁనే. పెద్దమ్మ లేచి, దండెం మీద చొక్కా ఆరిందో లేదో పట్టుకుని చూసి, తీసి, మడిచి, ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

మర్నాడు షెడ్డులో సన్నక్క అడుగుపెట్టేసరికి మాటలన్నీ ఆగిపోయాయి. యంత్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. రేడియో కూడా మూగబోయింది, అది ఒక్కటే చాలు రోజు ప్రత్యేకం అనడానికి. ఇద్దరు ఆడవాళ్ళు కుళాయి దగ్గరకి లేచి వెళ్ళిపోయారు. ఉతికేచోట ఒకావిడ గట్టిగానే అంది, "మందులాయన చేసిన మేలు కొందరికి భలే గుర్తుంది."

పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. "గుర్తుండబట్టే ఈ చెయ్యి ఇంకా పనిచేస్తోంది" అంది. "నీకూ ఏదైనా గుర్తుంటే చెప్పమ్మా, వింటా." ఆవిడ యంత్రంలో గుడ్డలు వెయ్యడంలో పడింది.

మొదటి దుప్పటి తీశారు. చెరో రెండు మూలలూ పట్టుకున్నారు. సన్నక్క విదిలిస్తే గుడ్డ సగంలోనే వాలిపోయింది.

"ఏమే, దుమ్ము దులుపుతున్నావా, దోమల్ని తోలుతున్నావా? గట్టిగా లాగు."

ఆ గదమాయింపుకి సన్నక్క భుజాలు ఎప్పట్లాగే కాస్త కిందికి దిగాయి. లాగింది. ఒక మడత. ఇంకో మడత. సన్నక్క నిలబడింది, పెద్దమ్మ నడిచింది. షెడ్డులో అందరూ చూస్తున్నారని తెలుసు. కావాలనే తల దించుకుంది, కళ్ళెత్తలేదు. బల్ల అంచు దాటి, కిటికీ పక్కకి వచ్చి, చెప్పకుండా, ఆగకుండా మూలలు వదిలేసి కింద మడత కోసం వంగింది.

మూలలు కింద పడలేదు.

ఆ మడత చేతిలోకి తీసుకుని నడుం ఎత్తింది పెద్దమ్మ. ఎదురుగా ఆ నున్నటి చువ్వ, దాని ముందు సన్నక్క. మనిషికి జీవితంలో ఎన్నో కావాలనిపిస్తుంది. అందులో దొరికేవి కొన్నే. అవతలి కొసన ఒక చెయ్యి ఉండడం ఆ కొన్నిట్లో ఒకటని పెద్దమ్మకి ఆ పూట తెలిసింది, ఇన్నేళ్ళ పని చేశాక.

తర్వాత్తర్వాత ఊళ్ళో ఆ మాటలు పలచబడ్డాయి. లాండ్రీలో ఇద్దరు ముగ్గురు సన్నక్కతో ఇప్పటికీ మాట్లాడరు. రేడియో మాట్లాడుతుంది, అది మంచితనమో, ఊరుకోలేకపోవడమో చెప్పలేం. మందులాయన భార్య, సన్నక్క ఎదురుపడిన సందర్భం రాలేదు. పెద్దమ్మ వాళ్ళని కలపాలని చూడలేదు. అది తన మడత కాదు. పనికి వెళ్ళేటప్పుడు షాపు ముందు ఒక్క క్షణం ఆగుతుంది. కుడి చెయ్యి చాపి, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ మూసి, పెదాలతో ఏదో గొణుక్కుంటుంది. చూసినవాళ్ళు దణ్ణం పెట్టుకుంటోందనుకుంటారు. తిడుతుంది. కొత్త తిట్టు, నిన్నటిది కాదు.

ఆ రోజు ఆ మొదటి దుప్పటి బల్ల మీద పెట్టాక సన్నక్క అడిగింది, "చెయ్యి ఎలా ఉంది వదినా?"

"ఉంది" అంది పెద్దమ్మ. "రెండో దుప్పటి తియ్యి."